సీటు బెల్టు చివరిదాకా లాగండి

మా నాన్న ఇరవై రెండేళ్లుగా కార్లు నడుపుతున్నాడు. వాటిలో ఒక్కటి కూడా ఆయనది కాదు. తెనాలిలో ఒక డాక్టరుగారి దగ్గర డ్రైవరు. ఆ ఇంట్లో ఇప్పటికి నాలుగు కార్లు మారాయి, నాన్న మాత్రం మారలేదు.

పోయిన వేసవి సెలవుల్లో ఒకరోజు అన్నం తింటూ, "మనం కూడా ఒక బండి కొందామా?" అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడంటే, పెరుగు వేస్తున్న అమ్మకి వినపడలేదు. కారణం నాయనమ్మ మోకాళ్లు. రెండు నెలలకోసారి గుంటూరు తీసుకెళ్లాలి, బస్సు మెట్టు ఎక్కలేకపోతోంది. నాన్న దగ్గర దాచుకున్నవి రెండు లక్షలు ఉన్నాయి. "నువ్వు కంప్యూటర్ చదువుతున్నావు గదమ్మా, ఏ బండి మంచిదో చూడు" అన్నాడు.

అడగడమే ఆలస్యం, ఎక్సెల్ తెరిచా. మోడల్, సంవత్సరం, కిలోమీటర్లు, ఎన్నో ఓనరు, మైలేజీ, ధర ఇలా పద్దెనిమిది కాలమ్‌లు. ప్రతిదానికీ వెయిటేజీ ఇచ్చి, చివర్లో స్కోరు. నలభై ఒక్క కార్లలో ఫస్టు వచ్చింది విజయవాడలో ఉన్న ఒక ఎర్ర కారు. 2021 మోడల్, 24 వేల కిలోమీటర్లు, 3,40,000 రూపాయలు. అలాంటివే మిగతావి దానికన్నా లక్ష ఎక్కువ చెబుతున్నారు. నా ఫార్ములా బంగారం తవ్వి తీసిందని నేను తెగ మురిసిపోయా. తక్కువ ధర ఉంటే మార్కులు ఎక్కువ వేసింది నేనే, ఎందుకు తక్కువ అనే కాలమ్ మాత్రం పెట్టలేదు.

నాన్న, నేను ట్రైన్‌లో వెళ్లాం. కారు అమ్మే అతను నాన్నని పైనుంచి కిందకి చూసి, "సార్ ఇంకా రాలేదా?" అన్నాడు. నాకు అర్థం కావడానికి రెండు సెకన్లు పట్టింది. నాన్నకి అసలు టైమే పట్టలేదు. నేను ఏదో అనబోతుంటే, "ముందు బండి చూద్దాంలేమ్మా" అని డోర్ తీశాడు.

బండి తళతళా మెరుస్తోంది. కొత్త సీటు కవర్లు, లోపల సెంటు వాసన. నాన్న స్టీరింగ్ జోలికే పోలేదు. వెనక సీటులో కూర్చుని సీటు బెల్టు పట్టుకుని లాగాడు. మనం పెట్టుకునేంత కాదు, ఇంక రాను అనేదాకా మొత్తం లాగాడు. చివరి జానెడు మేర మట్టిరంగు చార ఉంది. అమ్మే అతను "టీ ఒలికిందేమో అండి" అన్నాడు. రెండో బెల్టు లాగాడు. అక్కడా అంతే ఎత్తులో టీ ఒలికింది.

తర్వాత డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద గుంటలో వేలు పెట్టాడు. వేలికి మెత్తటి ఎండు బురద. అప్పుడు నేను ఫోన్‌లో ఉన్న ఆర్సీ ఫోటో మళ్లీ చూశా. వారం నుంచి నా దగ్గరే ఉంది అది. అడ్రసు సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు రోజుల తరబడి నీళ్లలో ఉన్న సింగ్‌నగరే. న్యూస్‌లో అంతా చూశాను, కానీ అడ్రసుని నేను డేటా అనుకోలేదు.

నీళ్లలో మునిగిన బండిని ఆరబెట్టి, కడిగి, కవర్లు మార్చి స్టార్ట్ చేస్తే చక్కగా స్టార్ట్ అవుతుందట. అసలు జబ్బు వైరింగ్ జాయింట్లలో, ఎలక్ట్రానిక్స్‌లో ఉంటుంది. తుప్పు మెల్లగా తింటూ పోతుంది. ఆరు నెలల తర్వాత ఏ లైటు ఎందుకు వెలుగుతుందో, ఎయిర్‌బ్యాగ్ అసలు తెరుచుకుంటుందో లేదో చెప్పలేం. సీటు కవర్లు అందరూ మారుస్తారు, బెల్టులు ఎవరూ మార్చరు అన్నాడు నాన్న.

తిరుగు ట్రైన్‌లో నా నోట్‌బుక్ తీసి చెప్పించుకున్నా. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారంలో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. బండి 2021ది అయి టైరు 2024ది అయితే తప్పు లేదు. అయితే ఇరవై వేలే తిరిగానని చెప్పే బండికి అప్పుడే కొత్త టైర్లు ఎందుకు పడ్డాయో అడగాలి. మీటరు వెనక్కి తిప్పగలరు గానీ బ్రేక్ పెడల్ రబ్బరు అరుగుదలని తిప్పలేరు. బానెట్, డోర్ల బోల్టుల మీద పెయింటు ఊడి స్పానర్ గాట్లు ఉంటే ఎప్పుడో విప్పారని అర్థం. ఇంజన్ ఆయిల్ మూత లోపల మీగడలాగా తెల్లగా ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలిసే అవకాశం ఉంది. నాకు బాగా నచ్చింది ఇది: చెప్పిన టైముకన్నా అరగంట ముందు వెళ్లి బానెట్ మీద చెయ్యి పెట్టాలి. వెచ్చగా ఉంటే మనం రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లటి ఇంజను మొదటిసారి ఎలా దగ్గుతుందో మనల్ని విననివ్వరు.

"ఇవన్నీ తెలిసి నాకు ముందే ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"నువ్వు కంప్యూటర్‌లో చూశావు గదా. దానికంటే నాకేం తెలుస్తుందిలే అనుకున్నా."

దుగ్గిరాల దాటేదాకా నేను ఏం మాట్లాడలేదు.

హైదరాబాద్‌లో ఉన్న మా బాబాయి "ఇక్కడ కొనండి, చీప్" అన్నాడు. చీపే. కానీ అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది కలిపితే చీప్ మిగల్లేదు.

చివరికి గుంటూరులో ఒక రిటైర్డ్ టీచరుగారి వాగన్ఆర్ దొరికింది. 2017ది, 61 వేలు తిరిగింది. నా ఎక్సెల్‌లో దాని ర్యాంకు 26. ఎత్తుగా ఉంటుంది కాబట్టి నాయనమ్మ వంగకుండా ఎక్కగలదు. ఈసారి ఆవిడని కూడా తీసుకెళ్లి కూర్చోబెట్టి చూశాం. ఈ కాలమ్ కూడా నా దగ్గర లేదు. 3,15,000కి కుదిరింది.

ఇక డబ్బు. ఒక ఫైనాన్స్ ఏజెంటు లక్షన్నర ఇస్తానన్నాడు, మూడేళ్లు, "పన్నెండు పర్సెంటే". నెలకి 5,667 కట్టాలన్నాడు. ఇక్కడ మాత్రం నా చదువు పనికొచ్చింది. ఫోన్‌లో లెక్క వేస్తే పన్నెండు శాతానికి 4,982 వస్తోంది. అతను చెప్పింది ఫ్లాట్ రేటు. అంటే నెలనెలా అసలు తీరుస్తున్నా సరే, మూడేళ్లూ మొత్తం లక్షన్నర మీదే వడ్డీ లెక్కకడతారు. మామూలు తగ్గే బాకీ లెక్కలో చూస్తే అది 21 శాతం పైనే. మూడేళ్లలో తేడా దాదాపు 24,600. నేను అడిగితే అతను నాతో కాకుండా నాన్నతో, "పాపకి ఇవన్నీ ఎందుకండీ" అన్నాడు. నాన్న, "పాప చెప్పిందే లెక్క" అని లేచాడు. నాకు సెమిస్టర్‌లో ఎస్ గ్రేడ్ వచ్చినప్పుడు కూడా అంత సంతోషం లేదు.

అమ్మ రెండు గాజులు, గొలుసు తెచ్చి టేబుల్ మీద పెట్టింది. బ్యాంకులో గోల్డ్ లోన్, 1,40,000. ఫ్రెండ్స్, ఎవరైనా కారు ధర ఇంత అంటే దాని మీద ఇంకొంచెం పక్కన పెట్టుకోండి. మాకు రెండు టైర్లు, బ్యాటరీ, ఇన్సూరెన్సు, ట్రాన్స్‌ఫర్ ఖర్చులు అన్నీ కలిపి 24,000 అయ్యాయి.

ఇంకో చిక్కు. టీచరుగారు లోను ఎప్పుడో తీర్చేశారు, కానీ ఆర్సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉంది. ఆయనకే తెలీదు పాపం. ఫారం 29, 30 మన పేరుకి మార్చడానికి. బ్యాంకు పేరు తీయించడానికి ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ కావాలి. ఆయన అవి తెచ్చేదాకా మేం అడ్వాన్సు ఇరవై వేలే ఇచ్చాం. ఆయన కూడా ఏమీ అనుకోలేదు, వెళ్లినప్పుడల్లా కాఫీ ఇచ్చారు. ఈలోపు బండి నెంబరు కొట్టి చలాన్లు చూస్తే రెండు ఉన్నాయి, అవి ఆయనే కట్టారు. బండి చేతికొచ్చాక పద్నాలుగు రోజుల్లో ఇన్సూరెన్సు కూడా మన పేరుకి మార్చమని అడగాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మనకి రాదు, అది ఆయనతోనే పోతుంది. నేను వస్తుందనుకుని ఎక్సెల్‌లో రాసుకున్నా, అదీ తప్పే.

బండి తెచ్చుకున్న రోజు నాన్న అలవాటుగా వెనక డోర్ తీసి నిలబడ్డాడు. నాయనమ్మ ఎక్కింది, అమ్మ ఎక్కింది. నన్ను కూడా ఎక్కమన్నట్టు చూశాడు. నేను డోర్ వేసేసి ముందు సీటులో కూర్చున్నా. నందివెలుగు దగ్గర ఆపి అందరం సోడా తాగాం. సోడా బండి అతను "ఎవరిది బండి, డాక్టరుగారు కొత్తది తీసుకున్నారా?" అని అడిగాడు. నాన్న డబ్బులిచ్చి, చిల్లర లెక్కపెట్టుకుని జేబులో వేసుకుని, అప్పుడు చెప్పాడు.

ఆర్సీ పేరు మారి రావడానికి ఇంకో నెల పట్టింది. ఇన్సూరెన్సు రెన్యూవల్ నవంబరులో, వెనక టైర్లు వచ్చే వేసవిలో. రెండూ ఎక్సెల్‌లో పెట్టా. ఇప్పుడు ఆ షీట్‌లో నాన్న చెప్పిన కాలమ్‌లు పదకొండు ఉన్నాయి. కావాల్సినవాళ్లు అడగండి, పంపిస్తా.