ఏ బోరు మంచిది?

మొన్నటి వేసవి సెలవులలో నొకనాటి సాయంకాలము మా పూర్వశిష్యు డొకడు కరీంనగరములోని మా యింటికి వచ్చెను. ఇరువది యేండ్ల క్రిందట ఇంగ్లీషు క్రియారూపములు కంఠస్థము కాక కన్నీరు పెట్టుకొన్న బాలుడే నేడు గ్రానైటు క్వారీలో వాటాదారు. చేతిలో కొన్ని కాగితములున్నవి. అవి తుపాకి లైసెన్సు దరఖాస్తులు. వానిని ఇంగ్లీషులో నింపి పెట్టవలయునట. కాఫీ త్రాగిన పిమ్మట అసలు సందేహము వెలువడినది.

"సారూ, అంగీ లోపట వెట్టుకుంటె కండ్లవడని చిన్న రివాల్వరు కావాలె. ఇర్వయి రెండు బోరు దీస్కోవాల్నా, ముప్పయి రెండు దీస్కోవాల్నా? మీరు సదివినోళ్లు, జెర చెప్పుండ్రి."

రఘువంశమును చెప్పుకొని బ్రదుకు మాకు ఆయుధశాస్త్రముతో నేమి పని? ఐనను అడిగిన ప్రశ్నకు తెలియదని చెప్పి లేచిపోవుట ఉపాధ్యాయునకు తగదు గదా! వారము దినములు గడువడిగితిమి. చదివితిమి, తెలిసినవారి నడిగితిమి. అట్లు తెలిసికొన్న దానిని పాఠకులకును నివేదించెదము.

బోరనగా తుపాకి గొట్టపు లోపలి వెడల్పు. అంగుళమును నూరు భాగములు చేసి అందు ఇరువది రెండు భాగములు తీసికొన్నచో 22 బోరు. అది సుమారు ఐదున్నర మిల్లీమీటర్లు. 32 బోరు సుమారు ఎనిమిది మిల్లీమీటర్లు. భేదము చూపునకు స్వల్పమే. కాని 22 బోరు గుండు సాధారణముగా రెండున్నర గ్రాములకు కొంచె మెక్కువ తూగును. 32 రివాల్వరు గుండు ఆరు గ్రాములకు పైబడును. ఇక 38, 455 బోరుల చేతితుపాకులును, 9 మిల్లీమీటర్ల పిస్తోళ్లును మన దేశమున నిషిద్ధములు. అవి సైనికులకు, పోలీసులకు వాడుకైనవి గనుక సామాన్యున కీయరు. కావున అమెరికా దేశమున గ్రంథములకు గ్రంథములు నిండిన బోరుల వివాదము మనయొద్ద ముఖ్యముగ ఈ రెంటి నడుమనే తేలవలసియున్నది.

రెండింటిలోను స్వదేశపు తుపాకులున్నవి. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరము పిమ్మట, 2014లో కాన్పూరు ప్రభుత్వ కర్మాగారము స్త్రీల రక్షణార్థమని 'నిర్భీక్' అను 32 బోరు రివాల్వరును వెలువరించెను. టిటానియము మిశ్రలోహముతో చేసినది. తూకము 500 గ్రాములు. నాటి వెల లక్షా యిరువది రెండు వేల పైచిలుకు రూపాయలు. పిదప ఈశాపూరు కర్మాగారమువారు 250 గ్రాములు తూగు 'నిడర్' అను 22 బోరు రివాల్వరును చేసిరి. చీకటిపడిన పిదప బస్సు దిగి యిల్లు చేరవలసిన బీడీకార్మికురాలికి లక్ష రూపాయల తుపాకి యే విధముగ రక్షణమగునో మాకు బోధపడలేదు. ఆ వీధిలో నొక దీపము వెలిగించినచో ఇంతకంటె చౌకగను, అందరికిని రక్షణ కలుగును గదా!

అడిగినది బోరును గూర్చి గనుక దానికి సమాధానము చెప్పెదము. 22 బోరు తూటాకు మందంటించు రసాయనము అడుగు అంచున నుండును. 32 తూటాకు నడుమ నుండును. అంచున నున్నది ఒక్కొక్కప్పు డంటుకొనక మొరాయించుట యెక్కువ. అట్టి సమయమున రివాల్వరు మీట మరల నొక్కినచో తరువాతి తూటా ముందునకు వచ్చును; పిస్తోలులో ఆ సౌలభ్యము లేదు. గుండు బరువు చేతను, నమ్మకము చేతను 32 మేలు. కాని చర్యకు సమానమైన ప్రతిచర్య కలదని మేమే తరగతిలో విందుము. తుపాకి యెంత తేలికయైన చేతి కంత అదురు. గొట్ట మెంత పొట్టియైన గురి యంత కష్టము. కనబడకుండ దాచుకొనుటకై చిన్నది చేసినకొలది కాల్చుట కష్టమగును. కావున బలము, అభ్యాసము గలవానికి 32. చేయి సన్నమైనవానికి 22. తప్పిపోయిన పెద్ద గుండు కంటె తగిలిన చిన్న గుండే పనికివచ్చును. తప్పిపోయినది మాత్ర మెక్కడికి పోవును? తలుపు చెక్క కావల నున్న పొరుగువాని యింటిలోనికి.

ఇంతవరకు వ్రాసి మేము కలము నిలిపితిమి. చిన్ననాటి ముచ్చట యొకటి జ్ఞప్తికి వచ్చినది. మా మేనమామ యింట అడవిపందులను బెదరించుటకు భర్మారు తుపాకి యొకటి దూలమునకు వ్రేలాడుచుండెడిది. పదియేండ్ల ప్రాయమున ఇంట నెవరును లేని మధ్యాహ్నము మేము దానిని దింపి, ఉత్తదే యనుకొని, మీట నొక్కితిమి. గూనపెంకులు పగిలి నేల రాలినవి. మా చెల్లెలు మూరెడు దూరమున నిలుచుండెను. ఆ తుపాకి బోరెంతయో మేమెరుగము. చెల్లెలి మొగము మాత్రము నేటికిని మరవలేదు.

మన ప్రాంతమునకు తుపాకి క్రొత్తది కాదు. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను 1978లో కల్లోలిత ప్రాంతములుగ ప్రకటించిన దినములు పెద్దలకు తెలియును. ఆనాడు గడీలలో లైసెన్సు తుపాకులు లేకపోలేదు. అవి దొరలను గ్రామమున నిలుపలేదు. పైగా తుపాకికొరకే యిండ్లపై పడిన సందర్భములు కలవు. సమీపకాలపు సంగతి యింకొకటి. 2020 డిసెంబరులో ఆదిలాబాదు పట్టణమున తాటిగూడలో పిల్లల క్రికెట్టాటనుండి తగవు పుట్టెను. స్థానిక నాయకు డొకడు లైసెన్సు గల తన తుపాకితో కాల్చగా గాయపడినవారిలో నొకడు కొన్నాళ్లకు మరణించెను. 2022లో న్యాయస్థానము కాల్చినవానికి యావజ్జీవశిక్ష విధించెను. తుపాకి నడుమున లేనిచో ఆ తగవు నాలుగు తిట్లతో ముగిసెడిది గాదా?

భారతమున సౌప్తికపర్వము చదివినవారికి తెలియును. అర్జునుడును అశ్వత్థామయు బ్రహ్మశిరోనామకాస్త్రమును ప్రయోగించిరి. మునులు వారింపగా అర్జునుడు తనదానిని ఉపసంహరించెను. అశ్వత్థామకు విడుచుటయే గాని మరలించుట రాదు. ఆ యస్త్రము గర్భస్థశిశువుపై బడెను. తుపాకి విషయమున మన మందరమును అశ్వత్థామలమే. వెడలిన గుండును మరలించు విద్య యే బోరునకును లేదు.

వారము గడచినది. శిష్యుడు తల్లిని వెంటబెట్టుకొని వచ్చెను. మేము తెలిసికొన్నదంతయు చెప్పితిమి. శిక్షణ పొందవలయుననియు, ఇంట భద్రముగ దాచవలయుననియు, పెండ్లిలో గాలిలోనికి కాల్చినను 2019 సవరణ ప్రకారము రెండేండ్ల వరకు చెరసాల కలదనియు వివరించితిమి. అతడు శ్రద్ధగా వినెను. తల్లి మాత్రము ఒక్కటే అడిగెను: "గది ఇంట్ల ఏడ వెడ్తవు కొడుకా? పోరగాండ్లు తిరిగే ఇల్లాయె."

అతడు బదులాడలేదు. మేము దరఖాస్తు నింపుట కారంభించితిమి. పేరు, వయస్సు, వృత్తి ముగిసినవి. తుపాకి యెందులకు కావలయునో తెలుపవలసిన చోట కలమాగినది. ఎవరైన బెదరించిరా యని యడిగితిమి. లేదనెను. డబ్బు మోయు పని గలదా? అంతయు బ్యాంకులోనే జరుగుననెను. మరి?

"మా వాటాదార్ల అందరికున్నది సారూ."

దానికి తగిన ఇంగ్లీషు మాకు దొరకలేదు. దొరకిన మాటలు అబద్ధములు. అబద్ధము వ్రాసియిచ్చుట మాకు చేతగాదని చెప్పితిమి. అతడు నొచ్చుకొన్నట్లు తోచెను. కాగితములు మాయొద్దనే విడిచి, ఆలోచించి వత్తునని వెడలెను. అవి యింకను మా బల్లమీదనే యున్నవి. అతడు మరియొకచోట నింపించుకొనునేమో మే మెరుగము. లైసెన్సు కోరు ప్రతివాడును బోరు నెంచుకొనుటకు ముందు ఆ యొక్క గడిని తన చేతితో, తన తల్లిభాషలో, ఇంటివారందరు వినునట్లు చదివి నింపవలయునని మాత్రము మా మనవి.