ఇరవై ఏళ్ల గుడి

జపాన్‌లో ఇసే జింగూకి వెళ్తున్నామంటే వెయ్యేళ్ల నాటి నల్లబడ్డ కలప చూస్తాననుకున్నా. షింటోలో ఇంతకు మించిన క్షేత్రం లేదు మరి. సూర్యదేవత అమతెరసు కొలువున్న చోటు.

ఉజి వంతెన దాటి, ఇసుజు నదిలో చేతులు కడుక్కుని, పెద్ద పెద్ద చెట్ల మధ్య నడిచాం. చివరి మెట్ల దగ్గరే ఫొటోలు బంద్. పైన ద్వారానికి తెల్లటి తెర. దాని ముందు రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగాలి. కంచె మీదుగా గడ్డి కప్పు కాస్త కనిపిస్తుంది. దర్శనం అంతే!

ఆ గుడి కట్టింది 2013లో. క్రీ.శ. 690లో మొదలైన ఆనవాయితీ ఇది. సుమారు 20 ఏళ్లకోసారి పక్క స్థలంలో అచ్చం అలాంటిదే కట్టి, దేవతను అందులోకి తీసుకెళ్తారు. యుద్ధాల కాలంలో వందేళ్లకు పైగా ఆగిపోయి, మళ్లీ మొదలైంది. తర్వాతిది 2033లో. పాత గుడి కప్పు మోసిన స్తంభాలే ఉజి వంతెన దగ్గర ద్వారాలవుతాయి. వాటి కిందనుంచే కదా వచ్చాం!

20 ఏళ్లే ఎందుకు? ఒకసారి కుర్రాడిగా పనిచేసిన వడ్రంగి, రెండోసారికి మేస్త్రీ అయి ఇంకొకరికి నేర్పగలడు అని చెబుతారు. అక్కడ మాత్రం నా మనసు మా ఊరికి వెళ్లిపోయింది. మా తాత వడ్రంగి. రామాలయం తలుపులు ఆయన చేసినవే, ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. అవి పోతే అలాంటివి చేసేవాళ్లు మా ఇంట్లో లేరు. నాన్నది కరెంటాఫీసు, నాది కోడింగ్. తాత ఉలి, బాడిత అటక మీదున్నాయి.