మట్టిగోడకు మట్టే

2022 జులైలో గోదావరి, ప్రాణహిత రెండూ పొంగినప్పుడు సిరోంచ దగ్గర మా పాత ఇంట్లోకి మోకాలిలోతు నీళ్లొచ్చినయి. నీళ్లు తీసినంక కూడా గోడల చెమ్మ పోలేదు. కూలగొట్టి స్లాబు వేద్దామన్నాడు తమ్ముడు. మిల్లులో లోను ఎంతొస్తుందో లెక్క కూడా వేసుకొచ్చాడు. అవ్వ ఏమీ అనలేదు. దూలం కింద మంచం వేయించుకుని పడుకుంది.

మన మిల్లు కుటుంబాల్లో చాలామందికి ఊళ్లో ఇట్లాంటి ఇండ్లే ఉన్నాయి గనక రాస్తున్నా. కింద మూడడుగుల మేర నాయన ముచ్చటపడి చేయించిన సిమెంటు గిలాబు ఉంది. మేస్త్రీ దాన్ని తట్టి చూపించాడు, లోపల డొల్ల. మట్టిగోడ తాగిన నీరు బయటికి ఆరిపోవాలి. సిమెంటు ఆ దారి మూసేస్తుంది, లోపల గోడ మెత్తబడుతుంది. పైన వట్టి మట్టి ఉన్నచోట గట్టిగానే ఉంది.

సిమెంటు ఊడగొట్టి ఎండాకాలం దాకా ఆరనిచ్చాం. మట్టిలో వరిగడ్డి ముక్కలు కలిపి, నానబెట్టి, తొక్కి పూశారు. దానిమీద సున్నం. గూనపెంకులు సగం పగిలినవే. కొత్తవి దొరక్క, స్లాబు వేసుకునేటోళ్ల దగ్గర పాతవి కొన్నాం. చెదలు తిన్న రెండు వాసాలు మార్చాం. దూలం మాత్రం ఆలపల్లి టేకు. వడ్లాయన సుత్తితో కొట్టి విని, "అన్నా, ఇది నీకంటే గట్టిగుంది" అన్నడు.

మళ్లీ వరదొస్తే ఏం చేస్తావంటాడు తమ్ముడు. ఆ మాట కాదనలేను. ఇంటిచుట్టూ కాలువైతే తవ్వించాం. పైసలు కుదిరితే వచ్చే ఎండలకు వంటిల్లు.