పెన్నా గట్టున ఒక బచ్చలి

కడప జిల్లా జమ్మలమడుగు మన సంఘాల వారికి కొత్త ఊరు కాదు. లండన్ మిషనరీ సొసైటీ వారు సేవ చేసిన స్థలము, క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఉన్న స్థలము. అక్కడి నుండి గండికోట సుమారు 15 కిలోమీటర్లు. ఎర్రని బండల మధ్య పెన్నానది లోతున పారుతుంటే, పైన కోట నిలిచి ఉంటుంది. కోటలో కత్తుల కోనేరు చూపిస్తారు. యుద్ధము ముగించి వచ్చినవారు కత్తులు అందులో కడిగేవారని అక్కడివారి మాట. అది ఎంతవరకు నిజమో గాని, బండమీద కాపురముండేవారికి నీటి విలువ ఏమిటో ఆ కోనేటి మెట్లమీద నిలబడితే తెలుస్తుంది.

ఆ దారిలోని ఒక పల్లెలో మాకు తెలిసిన విశ్వాసుల కుటుంబము కొత్త ఇల్లు కట్టుకొంటున్నది. మేమిద్దరము ప్రార్థన చేయడానికి వెళ్లాము. గోడలు లేచాయి, స్లాబు పడింది. పని మాత్రము బచ్చలి దగ్గర ఆగిపోయింది. అక్కడివారు స్నానాల గదిని బచ్చలి అంటారు. పెద్దకొడుకు కువైటులో ఉంటాడు. తల్లికి మోకాళ్ల నొప్పులని, వెచ్చని నీళ్లలో పడుకొంటే హాయిగా ఉంటుందని స్నానపు తొట్టి ఫోటో పంపాడు. కోడలికి షవరు చాలు. మేస్త్రీ తాపీ కింద పెట్టి, "అయ్యగారు ఎట్ల చెప్తే అట్ల" అన్నాడు.

కొడుకు ప్రేమను తీసివేయలేము. వెచ్చని నీరు కీళ్లకు హాయినిస్తుందన్నది నిజమే. అయితే 5 అడుగుల తొట్టి నిండడానికి సుమారు 150 లీటర్ల నీరు కావాలి. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ పల్లెలో మనిషికి రోజుకు లెక్కగట్టినది 55 లీటర్లు. అంటే ఒక్క స్నానానికి దాదాపు ముగ్గురి వాటా. పైగా మన ఇళ్లలో పెట్టే గీజరు 15 లేక 25 లీటర్లది. దానితో తొట్టి వెచ్చబడాలంటే రెండు మూడుసార్లు కాచి పోయాలి. ఆఖరిసారి కాగేలోపు మొదట పోసిన నీరు చల్లారిపోతుంది. కొడుకు ఉన్న కువైటులో నదులే లేవు. అక్కడ తొట్టిలో పట్టే నీరు సముద్రపు ఉప్పు తీసిన నీరు.

మేమీ లెక్కలు చెబుతుండగా అవ్వ నవ్వింది. "ఎనుములకు తొట్టి ఉండాది గదయ్యా, నాకూ ఒకటి కట్టిస్తాడంట. దాంట్లోకి దిగితే నన్నెవురు పైకి లేపాల?" అసలు సంగతి అదే. తొట్టి అంచు ఒకటిన్నర అడుగు ఎత్తు ఉంటుంది. ఒంటికాలిమీద నిలబడి, తడి అడుగుమీద రెండవ కాలు దించాలి. నొప్పులున్న మోకాలికి అంతకంటె ప్రమాదకరమైన అడుగు ఇంట్లో మరొకటి లేదు.

మరి షవరు? దానికీ చిక్కులున్నాయి. ఒంటి అంతస్తు ఇంటిమీద ట్యాంకు పెడితే, తలమీది షవరుకూ ట్యాంకుకూ నాలుగైదు అడుగులే తేడా. నీరు బలముగా దూకదు. ఆ ప్రాంతమంతా నాపరాయి, సున్నపురాయి. బోరు నీటిలోని సున్నము కొన్నాళ్లకే షవరు రంధ్రాలను తెల్లగా మూసివేస్తుంది. అప్పుడప్పుడు విప్పి నిమ్మరసములో నానబెట్టుకోవాలి. నిమిషానికి పది లీటర్ల చొప్పున వదిలితే అయిదు నిమిషాలకు 50 లీటర్లు. బకెట్టు చెంబుతో అయితే ఒకటి రెండు బకెట్లతో సరిపోతుంది.

అయితే బకెట్టే మేలని మేము అనబోయేలోగా అవ్వ మా అమ్మగారిని పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది. "రెండేండ్లుగా కోడలే నీళ్లు పోస్తాంది తల్లీ. దాని మనసు మంచిదే. కానీ నాకు సిగ్గు పోలా. నా నీళ్లు నేనే పోసుకుంటే బాగుండు." ఏలీయా చేతులమీద నీళ్లు పోసినవాడని ఎలీషాను పరిచయము చేస్తుంది లేఖనము (2 రాజులు 3:11). పోసేవారి సేవను గూర్చి మనము ఎన్నో ప్రసంగాలు విన్నాము. పోయించుకొనేవారి మనసును గూర్చి విన్నది తక్కువ. ప్రభువు పళ్లెములో నీళ్లు పోసి దగ్గరకు వస్తే పేతురుకే ఒప్పుకోవడము కష్టమైంది (యోహాను 13). ఈ వయసులో ఒంటరిగా స్నానము చేయగలగడము ఆమెకు చిన్న సంగతి కాదని మాకు తోచింది.

ఆ తర్వాత మాటలన్నీ అవ్వ చుట్టే తిరిగాయి. గోడవారగా నాపరాతితో అరుగు, కుర్చీ ఎత్తున. మన స్నానపు పీటలు నేలకు ఆనుకొని ఉంటాయి, వాటిమీదనుండి లేవడమే పెద్ద పని. అరుగు పక్కన చేతికి అందే కుళాయి, గొట్టముతో చేతి షవరు. కూర్చున్న ఎత్తు కిందికి గనుక ట్యాంకు నీరు కాస్త బలముగానే వస్తుంది. బలము తగ్గిననాడు బకెట్టు ఉండనే ఉంటుంది. కింద నున్నగా పాలిష్ పట్టిన బండ వద్దు. గరుకు కడప బండ వేసి, నీరు ఒక మూలకు పోయేటట్లు వాటము ఇవ్వాలి. గడప లేకుండా చేయాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే లోపలికి తెరుచుకొనే తలుపును ఆ మనిషే అడ్డుకొంటుంది గదా! తువ్వాలు వేసుకొనే కడ్డీ పట్టుకొని లేవకూడదు, అది ఊడి వస్తుంది. గోడలోకి గట్టిగా బిగించిన ఇనుప పిడి వేరే కావాలి.

కువైటుకు ఫోను కలిపారు. కొడుకు కొంచెము చిన్నబుచ్చుకొన్నాడు. అవ్వే మాట్లాడింది. "నాయనా, తొట్టి దుడ్లతో ఇంకుడుగుంత తవ్విస్తాం, ఆ నీళ్లకు రెండు అరటిచెట్లు బతుకుతాయి" అన్నది. వాడు నవ్వాడని ఆమె ముఖము చూస్తే తెలిసింది. పిడి ఎంత ఎత్తున ఉండాలని మేస్త్రీ టేపు తీశాడు. అవ్వ టేపు చూడలేదు. ఇటుకల దొంతిమీద కూర్చొని, లేవబోతున్నట్లు చెయ్యి చాపి, "ఈడ" అన్నది. అతడు అక్కడే బొగ్గుతో గీత గీశాడు.