జాబితాలో పేరు

2020లో, కరోనా రోజుల్లో, భూపాలపల్లిలో మా వాడకట్టు వాట్సాప్ గుంపులోకి రోగుల జాబితా ఒకటి వచ్చింది. పేర్లు, వయస్సులు, ఇంటి నంబర్లు. ఎవరు బయటపెట్టారో తెలియదు. దాన్ని మరో ఇద్దరికి పంపినవాణ్ణి నేనే, నలుగురికీ మేలనుకున్నాను.

అందులో మా వీధిలో పాలుపోసే ఆమె పేరున్నది. జబ్బు రెండు వారాల్లో తగ్గింది, పోయిన గిరాకీ మూడు నెలలకుగాని రాలేదు.

"దవాఖానోళ్లు నాకు చెప్పకముందే వాడంత తెల్సింది సారూ" అన్నదామె నాతో.

గోప్యత బూర్జువా విలాసమని ఒకప్పుడు విద్యార్థులకు బోధించిన పంతులును నేను! ప్రహరీగోడ ఉన్నవాడి జబ్బు గోడ లోపలే ఉంటుంది. ఒంటిగది వాళ్లకు ఆసుపత్రి కాగితమే గోడ. అంటురోగం గనుక ఆమెతో మెలగినవారిని హెచ్చరించవలసిందే. కాని అది ఆరోగ్య కార్యకర్తల పని, పేరెత్తకుండానే చేయవచ్చు. నేను పంపిన ఇద్దరూ ఆమె పాలు కొనేవాళ్లే కారు.

అధికారుల ప్రత్యేక ఆదేశం లేనిదే రోగుల ఇళ్లకు పోస్టర్లు అంటించరాదని ఆ డిసెంబరు 9న సుప్రీంకోర్టు అన్నది. అప్పుడు సిగ్గుపడి, జాబితా తుడిచెయ్యమని ఆ ఇద్దరినీ అడిగాను. ఒకాయన ఎప్పుడో ఇరవైమందికి పంపేశాడట.

ఆమెకు నా సంగతి ఇంకా చెప్పలేదు. పాలు మాత్రం ఆమె దగ్గరే కొంటున్నాం.