పదిహేనుకి తుక్కు... యాభైకి అపురూపం!

ఢిల్లీలో పాత కార్లు రెండు రకాలు. ఒక రకం రోడ్డెక్కితే జనం ఆగి చూస్తారు, సెల్ఫీలు దిగుతారు. రెండో రకం రోడ్డెక్కితే ట్రాఫిక్ పోలీసు ఆపుతాడు. రెండూ పెట్రోలు తాగేవే, రెండూ పొగ వదిలేవే. తేడా అల్లా వయసే. చిత్రమేంటంటే, ఇక్కడ ఎక్కువ ముసలిదానికే ఎక్కువ మర్యాద!

మొదటి రకాన్ని చూడాలంటే చాణక్యపురిలోని నేషనల్ రైల్ మ్యూజియానికి వెళ్లండి. రైలింజన్ల మధ్య జాన్ మోరిస్ అనే ఫైరింజన్ ఉంటుంది. 1914లో ఇంగ్లండ్‌లో తయారైంది. మనవాళ్లు దాని ముందు ఒక్క నిమిషమైనా ఆగాలి. ఎందుకంటే అది ఒకప్పుడు మన నిజాం స్టేట్ రైల్వే బండి. వందేళ్ల వయసులో కూడా స్టేట్స్‌మన్ వింటేజ్ ర్యాలీకి హాజరైన ఘనత దానిది. 1964లో మొదలైన ఆ ర్యాలీ అంటే ఢిల్లీలో పాత కార్ల ప్రియులకి పండగే.

ఇలాంటి బళ్లకి చట్టం అండ కూడా ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారుకైనా, బైక్‌కైనా వింటేజ్ గుర్తింపు దొరుకుతుంది. నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అనే అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20 వేల రూపాయలు. పదేళ్లు చెల్లుతుంది. రోజూ ఆఫీసుకి వేసుకెళ్లడానికి మాత్రం కుదరదు. ర్యాలీకో, ప్రదర్శనకో, రిపేరుకో, పెట్రోలు కొట్టించుకోవడానికో బయటికి తీయొచ్చు.

ఇక రెండో రకం సంగతి. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బళ్లు ఢిల్లీ పరిసరాల్లో తిరగకూడదని హరిత ట్రైబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2025 జులై 1 నుంచి అలాంటి బళ్లకి బంకుల్లో పెట్రోలే పోయొద్దన్నారు. నంబరు ప్లేట్లు చదివే కెమెరాలు పెట్టారు. జనం గగ్గోలు పెట్టడంతో కొన్ని రోజులకే వెనక్కి తగ్గారు. ఆగస్టులో సుప్రీంకోర్టు కాస్త ఊరటనిచ్చినా, డిసెంబరులో దాన్ని బీఎస్-4, ఆపై బళ్లకే పరిమితం చేసింది. అంటే 80ల్లో, 90ల్లో కొన్న బళ్లకి ఆ గొడుగు కూడా లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. పదిహేనేళ్లకి రోడ్డు మూసుకుపోతుంది. యాభై ఏళ్లకి మళ్లీ తెరుచుకుంటుంది. మధ్యలో ముప్పై అయిదేళ్లు ఆ కారు ఎక్కడుండాలి? ఏం తిని బతకాలి?

దీనికి మారుతి 800 కంటే మంచి ఉదాహరణ దొరకదు. మొట్టమొదటి కారు తాళాలు 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఢిల్లీకి చెందిన ఓ ఉద్యోగి అందుకున్నారు. ఆయన బతికున్నన్నాళ్లూ దాన్ని అమ్మలేదు. ఆయన పోయాక ఇంటి ముందే తుప్పు పట్టింది. చివరికి కంపెనీయే బాగుచేయించి తన హెడ్డాఫీసులో పెట్టుకుంది. దేశంలో అంత పేరున్న కారుకే ఆ గతి పడితే, మీ మావయ్య కారు సంగతేంటి? చట్టం లెక్కలో ఆ మొదటి కారు కూడా వింటేజ్ అయ్యేది 2033లోనే!

కారు బతకాలంటే సామాన్లు కావాలి. కశ్మీరీ గేట్ మెట్రో స్టేషన్‌లో దిగితే ఆటో పార్టుల బజారు పక్కనే. మాయాపురి అయితే పాత బళ్ల తుక్కుకి పేరుమోసిన చోటు. పద్మినీ, కాంటెస్సా లాంటి బళ్ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి ఒక కారు బతకడానికి ఇంకో కారు విప్పిన సామానే దిక్కు. కానీ రోడ్డు మీద ఆ మోడల్ లేకపోతే సామాను అమ్మేవాడు ఎందుకు దాచిపెడతాడు? కార్బ్యురేటర్ ట్యూన్ చేయడం కుర్ర మెకానిక్ ఎందుకు నేర్చుకుంటాడు? దీనికితోడు ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత బళ్ల రబ్బరు పైపులు దానికోసం చేసినవి కావు.

‘ఎలక్ట్రిక్ చేసేయొచ్చుగా?’ అంటారా. ఆ దారీ ఉంది. ఆమోదం పొందిన కిట్ బిగించుకుంటే పాత డీజిల్ బళ్లని తిప్పుకోవచ్చని ఢిల్లీ ప్రభుత్వం 2021లో చెప్పింది. కానీ వింటేజ్ గుర్తింపు కావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకూడదు. ఇంజిన్ తీసేస్తే రోడ్డు దక్కుతుంది, చరిత్ర పోతుంది. ఉంచితే చరిత్ర దక్కుతుంది, రోడ్డు పోతుంది.

మిగిలింది మ్యూజియం. గురుగ్రామ్, మానేసర్ దాటి హర్యానాలోని తావుడు వైపు వెళ్తే హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం వస్తుంది. పల్లకీల నుంచి కార్ల దాకా మనదేశం ప్రయాణించిన తీరంతా అక్కడుంది. ఢిల్లీ వెళ్తే ఒక పూట కేటాయించండి, బాగుంటుంది. కాకపోతే అక్కడి కార్లు చూడ్డానికే. స్టార్ట్ చేసినప్పుడు వచ్చే ఆ వణుకు, ఆ వాసన ఏ అద్దాల గదిలోనూ దొరకవు.

ఇదంతా చదివి నిషేధమే తప్పంటున్నామనుకోకండి. నవంబరులో ఢిల్లీ గాలి పీల్చినవాళ్లెవరూ ఆ మాట అనలేరు. రోజూ తిరిగే పాత బండి తగ్గాల్సిందే. కానీ నెలకో రెండు నెలలకో ఒకసారి బయటికొచ్చే కారుకీ, రోజుకి వంద కిలోమీటర్లు తిరిగే బండికీ ఒకే తూకం ఎందుకు? ఫ్రాన్స్‌లో 30 ఏళ్లు దాటితే కలెక్షన్ కారుగా గుర్తిస్తారు. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటితే హిస్టారిక్ హోదా వస్తుంది. లండన్ కాలుష్య రుసుము కూడా ఆ కార్లకి లేదు. మన దగ్గర కూడా ముప్పై ఏళ్లకే, ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని హద్దు పెట్టి ఒక తలుపు తెరిస్తే చాలు. రాజుల రోల్స్‌రాయిస్‌లకి కాపలా కాయడానికి డబ్బున్నవాళ్లున్నారు. మధ్యతరగతి కారుని కాపాడాలంటే ఈ చిన్న తలుపే ఆధారం.

మన తెలుగు రాష్ట్రాల్లో ఇంకా అంత గట్టి నిషేధం లేదు. పదిహేనేళ్లు నిండినా ఫిట్‌నెస్ పాసై, గ్రీన్ ట్యాక్స్ కడితే అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. కాబట్టి ఇంటి వెనకాల కవరు కప్పిన పాత మారుతి ఏదైనా ఉంటే, తుక్కు వాడికి ఫోన్ చేసేముందు ఒక్కసారి ఆర్సీ బుక్కు తీసి తేదీ చూడండి. దానికి యాభై రావడానికి ఇంకా ఎన్నేళ్లుందో!