జెట్ కొనొచ్చు... అరకులో సెంటు కొనలేరు!

సొంత జెట్‌లో అరకు వెళ్లాలనుందా? ఆరేడుగురు కూర్చునే చిన్న బిజినెస్ జెట్‌ను కొత్తగా కొనలేనివాళ్లు పాతది వెతుక్కుంటారు. చూడాల్సింది రంగూ సీట్లూ కాదు... లాగ్‌బుక్కులు! ఇంజిన్లు ఎన్ని గంటలు తిరిగాయి, పెద్ద తనిఖీ ఎప్పుడు జరిగింది, తుప్పు జాడలున్నాయా... నిపుణులు తేల్చాకే బేరం. కొన్నాక పైలట్లూ హ్యాంగరూ బీమా... ఖర్చు ఆగదు.

ఇంతా చేస్తే ఆ జెట్ దింపేది విశాఖలోనే! లోయలో రన్‌వే లేదు. మిగతా 115 కిలోమీటర్లూ ఘాట్ రోడ్డులోనో రైల్లోనో వెళ్లాల్సిందే. బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం 1960ల్లో వేసిన కొత్తవలస-కిరండూల్ లైను అది. సొరంగాలు దాటుకుంటూ బొర్రా మీదుగా నింపాదిగా కొండెక్కుతుంది. 2017లో అద్దాల విస్టాడోమ్ బోగీ వచ్చాక ఆ నిదానమే ఓ ముచ్చట.

లోయ నచ్చింది, గెస్ట్‌హౌస్‌కి కాస్త స్థలం కొందామంటారా? కుదరదు! ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి మారకూడదు. బొర్రా పరిసరాల్లోని గనుల లీజులపై వచ్చిన ‘సమత’ కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది... గిరిజనేతరులకు సర్కారు భూమిని లీజుకిచ్చినా చెల్లదని.

ఆ నేల మీదే సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల పక్కన గిరిజనులు కాఫీ పండిస్తున్నారు. 2017లో ప్యారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరుచుకుంది. 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. జెట్ దిగని లోయ పేరు అంత దూరం వెళ్లింది. నేల మాత్రం ఎవరిది వాళ్లకే ఉండాలన్నది చట్టం మాట!